జెట్ ఇంజిన్‌లో షాఫ్ట్‌ని నిజంగా మోసేది ఏది? బేరింగ్‌ల గురించి కాస్త వివరంగా

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిప్లొమా మెకానికల్ చివరి ఏడాదిలో ఉన్నావు, కాలేజీ వాళ్ళు కోసి చూపించిన ఇంజిన్ దగ్గరికి తీసుకెళ్ళారు, రెండు షాఫ్టులు ఒకదాన్లో ఒకటి దూర్చి ఉన్నాయి, లోపలి షాఫ్ట్‌ని ఎవరు పట్టుకున్నారో అర్థం కాలేదు. పక్కనే 1,400 డిగ్రీల మంట మండుతుంటే బేరింగ్ ఎందుకు కరగదు, ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ బేరింగే నాలుగేళ్ళకి గరగరమంటుంటే నిమిషానికి 14 వేల చుట్లు తిరిగేది అన్ని వేల గంటలు ఎలా నడుస్తుంది, రామగుండం లాంటి చోట పవర్ ప్లాంట్ టర్బైన్లలో అసలు బాల్ బేరింగే ఉండదంటారు నిజమేనా, బేరింగ్ పాడవుతున్నట్టు ఎలా తెలుస్తుంది, ఇవీ నీ ప్రశ్నలు. నేను 22 ఏళ్ళుగా ఇంజిన్ మెయింటెనెన్స్‌లో ఉన్నాను, మొదట లైన్‌లో, తర్వాత ఇంజిన్ షాప్‌లో. నా చేతులకి బాగా అలవాటైన ఇంజిన్ సీఎఫ్ఎం56, బోయింగ్ 737లకీ ఎయిర్‌బస్ 320లకీ వచ్చేది, కాబట్టి దాన్నే పెట్టుకుని చెప్తా.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. షాఫ్ట్‌ని మోసేది స్టీల్ గోలీలు అని అందరూ అనుకుంటారు, కానీ ఇంజిన్ నడుస్తున్నప్పుడు గోలీకీ అది దొర్లే స్టీల్ రింగుకీ, దాన్ని రేస్ అంటాం, మధ్యలో ఒక ఆయిల్ పొర ఉంటుంది, బరువంతా ఆ పొర మీదే. దాని మందం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు, కూడా ఉండదు, మన తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే ఎంత పల్చనో ఊహించుకో. గోలీ నొక్కే ఆ చిన్న చోట ఒత్తిడి 1 నుంచి 2 గిగాపాస్కల్స్, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి పదివేల నుంచి ఇరవైవేల రెట్లు, అంత ఒత్తిడిలో ఆయిల్ ఇక నీళ్ళలా పారదు, ఆ క్షణం మైనం ముద్దలా గట్టిపడిపోతుంది, పక్కకి జారడానికి టైమ్ దొరికేలోపే గోలీ దాటి వెళ్ళిపోతుంది. పొర తెగలేదంటే లోహం లోహాన్ని తాకలేదన్నట్టే. బేరింగ్ డిజైన్, సీళ్ళు, పంపులు, ఫిల్టర్లు, మేం వేసుకునే గ్లవ్స్, అన్నీ ఆ మైక్రాన్ పొరని కాపాడటానికే.

ఇప్పుడు ఏది ఎక్కడ కూర్చుందో చూద్దాం. ఇంజిన్‌లో తిరిగేవి రెండు సెట్లు. ముందున్న పెద్ద ఫ్యాన్, దాని వెనక గాలిని ఇంకాస్త నొక్కే బూస్టర్, చిట్టచివర లో ప్రెషర్ టర్బైన్, ఈ మూడింటినీ కలిపే పొడవాటి సన్న షాఫ్ట్, దీన్ని ఎన్1 అంటాం. మధ్యలో హై ప్రెషర్ కంప్రెసర్, హై ప్రెషర్ టర్బైన్, వాటిని కలిపే లావు బోలు షాఫ్ట్, ఇది ఎన్2. సన్నది లావుదాని కడుపులోంచి వెళ్తుంది, నువ్వు చూసింది అదే. 737కి వచ్చే 7బీ మోడల్‌లో ఎన్1 వంద శాతం అంటే 5,175 ఆర్‌పీఎం, ఎన్2 వంద శాతం అంటే 14,460.

మెయిన్ బేరింగ్‌లు ఐదు చోట్ల ఉంటాయి, ముందు నుంచి వెనక్కి నంబర్లు వేస్తాం. ఫ్యాన్ వెనకే నంబర్ 1, బాల్ బేరింగ్. దాని వెనక కొంచెం దూరంలో నంబర్ 2, రోలర్, అంటే గోలీల బదులు చిన్న స్తంభాల్లాంటి ముక్కలు దొర్లేది. ఈ రెండూ ఎన్1 ముందు భాగాన్ని పట్టుకుంటాయి. హై ప్రెషర్ కంప్రెసర్ ముందు నంబర్ 3, అక్కడ ఒక బాలూ ఒక రోలరూ జంటగా ఉంటాయి, ఎన్2 ముందు భాగం వాటి మీద. చిట్టచివర టర్బైన్ రియర్ ఫ్రేమ్‌లో నంబర్ 5, రోలర్, ఎన్1 తోక దాని మీద. మిగిలింది నంబర్ 4, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది, కానీ నువ్వు అనుకున్నదానికి తిరగేసి ఉంది. లోపలి షాఫ్ట్‌ని బయటి షాఫ్ట్ మోయట్లేదు, బయటిదాని వెనక భాగాన్నే లోపలిది మోస్తోంది. ఎన్2 షాఫ్ట్ వెనక కొస వచ్చి ఎన్1 షాఫ్ట్ మీద ఒక రోలర్ బేరింగ్‌తో కూర్చుంటుంది. ఇంటర్ షాఫ్ట్ బేరింగ్ అంటాం. దాని రెండు రేసులూ తిరుగుతూనే ఉంటాయి, ఇంజిన్ బాడీకి ఆనుకున్నది ఏదీ ఉండదు.

అలా ఎందుకు చేశారంటే, ఎన్2 వెనక భాగాన్ని బాడీకి నేరుగా ఆనించాలంటే హై ప్రెషర్ టర్బైన్‌కీ లో ప్రెషర్ టర్బైన్‌కీ మధ్య ఇంకో ఫ్రేమ్ కట్టాలి, ఆ ఫ్రేమ్ కాళ్ళు మండే గ్యాస్ దారిలో అడ్డంగా నిలబడాలి, వాటిని చల్లబరచాలి, వాటిలోంచి ఆయిల్ పైపులు లాగాలి, ఇంజిన్ పొడవూ బరువూ పెరుగుతాయి. నంబర్ 4ని షాఫ్ట్ మీదే కూర్చోబెడితే ఇదంతా తప్పిపోతుంది. ఈ ఇంజిన్‌లో రెండు షాఫ్టులూ ఒకే దిక్కున తిరుగుతాయి కాబట్టి ఆ బేరింగ్‌కి తగిలే తేడా 14,460లోంచి 5,175 తీసేస్తే దాదాపు 9,300 మాత్రమే. కానీ ఊరికే ఏదీ రాదు, రెండు రేసులూ తిరుగుతుంటే ఆయిల్ అందించడం కష్టం, లోపల ఏం జరుగుతోందో వైబ్రేషన్ సెన్సార్‌కి తెలియడం కష్టం, సెన్సార్ పెడదామంటే కదలని చోటే లేదు కదా. నన్నడిగితే ఇంజిన్ మొత్తంలో ఎక్కువ గౌరవం ఇవ్వాల్సిన బేరింగ్ ఇదే. కింద చెప్పే సంగతి కూడా దీని గురించే.

బాల్ ఎక్కడ, రోలర్ ఎక్కడ అన్నది కూడా లెక్కే. ఎద్దుల బండి చూశావుగా, బరువు మోసేది ఇరుసు, చక్రం పక్కకి జారిపోకుండా ఆపేది ఇరుసు చివర కొట్టే సీల. ఇక్కడ రోలర్ బేరింగ్ ఇరుసు పని ఒక్కటే చేస్తుంది, పై నుంచి వచ్చే బరువు బాగా మోస్తుంది, కానీ షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరిగితే అడ్డుపడదు. బాల్ బేరింగ్ ఇరుసు పనీ సీల పనీ రెండూ చేస్తుంది. ఒక్కో షాఫ్ట్‌కి సీల ఒక్కటే ఉండాలి, రెండుంటే అసలుకే ప్రమాదం, ఎందుకంటే వేడెక్కితే షాఫ్ట్ సాగుతుంది. 2 మీటర్ల స్టీల్ షాఫ్ట్ 200 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, కేసింగ్ కూడా సాగుతుంది కానీ అదే వేగంతో అంతే సాగదు, స్టార్ట్ చేసినప్పుడు ఒకటి ముందు వేడెక్కితే ఆపినప్పుడు ఇంకోటి ముందు చల్లారుతుంది. రెండు చివర్లా బాల్ పెట్టి బిగించావనుకో, ఆ సాగుడంతా బేరింగ్‌ల మీద పడి గంటలోపే అవి ముక్కలవుతాయి. అందుకే ఎన్1కి నంబర్ 1 దగ్గర ఒక్క బాల్, ఎన్2కి నంబర్ 3 దగ్గర ఒక్క బాల్, మిగతావన్నీ రోలర్లు, సాగినంత జరగనిస్తాయి.

ఇక్కడ చాలామంది పొరబడే ఇంకో సంగతి. ఇంజిన్ థ్రస్ట్ మొత్తం ఆ బాల్ బేరింగ్ మీదే పడుతుందనుకుంటారు. అలా కాదు. ఫ్యాన్, కంప్రెసర్ ముందుకి లాగుతాయి, అదే షాఫ్ట్‌కి ఉన్న టర్బైన్‌ని గ్యాస్ వెనక్కి తోస్తుంది, చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలిన తేడా మాత్రమే బాల్ మోస్తుంది. ఆ తేడాని కూడా డిజైనర్లు డిస్కుల పక్కన ఉన్న గదుల్లో గాలి ఒత్తిడి సర్ది కావలసినంతకి తెచ్చుకుంటారు. మరి సున్నా చేసేస్తే ఇంకా మంచిది కదా అంటావు, కాదు తమ్ముడూ, బరువు అసలు లేకపోతే గోలీలు దొర్లడం మానేసి జారతాయి, దాన్నే స్కిడ్డింగ్ అంటాం. జారితే ఆయిల్ పొర చిరుగుతుంది, రేస్ మీద మసక మచ్చ పడుతుంది, అక్కడి నుంచి పతనం. బరువు మరీ ఎక్కువైనా చెడ్డదే, బాల్ బేరింగ్ మీద బరువు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, పుస్తకాల్లో ఉండే క్యూబ్ ఫార్ములా అదే. రోలర్ బేరింగ్‌లకీ ఈ జారుడు బెడద ఉంది, అందుకే కొన్నిటికి ఔటర్ రేస్‌ని కావాలనే అతి స్వల్పంగా కోడిగుడ్డు ఆకారంలో గ్రైండ్ చేస్తారు, రెండు వైపులా రోలర్లని కాస్త నొక్కి పట్టి దొర్లేలా చెయ్యడానికి.

ఇక వేడి సంగతి. మంట 1,400 డిగ్రీలు దాటి ఉంటుంది నిజమే, కానీ బేరింగ్ ఆ మంటలో ఉండదు. బేరింగ్‌ల చుట్టూ మూసిన గది ఒకటి ఉంటుంది, సంప్ అంటాం. ఈ ఇంజిన్‌లో రెండే సంపులు, ముందు సంప్‌లో 1, 2, 3, వెనక సంప్‌లో 4, 5. సంప్ చుట్టూ ఇంకో గది, దాన్లోకి బూస్టర్ నుంచి తెచ్చిన, పోలిస్తే చల్లగా ఉండే గాలిని నింపుతారు. ఈ గాలి ఒత్తిడి సంప్ లోపలికంటే ఎప్పుడూ కాస్త ఎక్కువ. షాఫ్ట్ తిరిగే చోట సందు పూర్తిగా మూసెయ్యడం కుదరదు కదా, అక్కడ ల్యాబిరింత్ సీల్ ఉంటుంది, పళ్ళు పళ్ళుగా, తాకీ తాకనట్టు. ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంటుంది కాబట్టి ఆయిల్ బయటికి రాలేదు. అంటే మూత గాలిదే. లోపలికి పోయిన గాలి మళ్ళీ ఎటో ఒకటు పోవాలి, అది ఎన్1 షాఫ్ట్ నడిమధ్యలో ఉన్న సన్న గొట్టంలోంచి వెనక ఎగ్జాస్ట్ కోన్ కొసన బయటికి పోతుంది, దారిలో తిరిగే సెపరేటర్లు ఆయిల్ తుంపరని విసిరి వెనక్కి పంపేస్తాయి. ర్యాంప్ మీద నిలబడినప్పుడు ఎప్పుడైనా ఆ కోన్ కొస చూడు, కొంచెం తడి మరక సహజమే, ధార కట్టి కారుతుంటే మాత్రం లోపల సీల్ మీద అనుమానం రావాలి.

ఆయిల్ కూడా కందెన కోసమే అనుకోకు. పొర కట్టడానికి కావాల్సింది చెంచాడే, కానీ పంపు ధారగా కొడుతుంది, ఎందుకంటే దాని అసలు పని వేడిని మోసుకుపోవడం. అది ఎస్టర్ రకం సింథటిక్ ఆయిల్, 100 డిగ్రీల దగ్గర 5 సెంటీస్టోక్స్ చిక్కదనం, చేతిలో పోసుకుంటే వంటనూనె కంటే పల్చగా అనిపిస్తుంది. వేడెక్కి వచ్చిన ఆయిల్ తన వేడిని ఫ్యూయెల్‌కి ఇచ్చేస్తుంది, ఫ్యూయెల్‌కీ అది అవసరమే, పైన చలికి అందులో నీళ్ళు గడ్డకట్టకుండా. ఆయిల్ టెంపరేచర్ 140 డిగ్రీల దాకా ఎంతసేపైనా ఫర్వాలేదు, 155 ఎర్రగీత, మధ్యలో కొద్దిసేపే అనుమతి. ఇంకోటి, లోపలికి పంపే పంపు ఒకటైతే బయటికి లాగే స్కావెంజ్ పంపులు మూడు, వాటి కెపాసిటీ కూడా చాలా ఎక్కువ, ఎందుకంటే సంప్‌లోంచి వచ్చేది ఆయిల్ కాదు, గాలితో చిలికిన నురగ. లాగడం ఆలస్యమైతే సంప్ నిండిపోతుంది, నిండిన ఆయిల్‌ని బేరింగ్ చిలుకుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

ఈ ఆయిల్ దారి తప్పితే ఏమవుతుందో 2010 నవంబర్ 4న ప్రపంచమంతా చూసింది. క్వాంటస్ 32, ఎయిర్‌బస్ 380, సింగపూర్ నుంచి సిడ్నీ బయల్దేరింది, ఇండోనేషియాలో బటాం దీవి మీద ఉండగా రెండో నంబర్ ఇంజిన్, రోల్స్‌రాయిస్ ట్రెంట్ 900, పేలింది. ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ తేల్చింది ఏంటంటే, హెచ్‌పీ, ఐపీ (హై ప్రెషర్, ఇంటర్మీడియట్ ప్రెషర్) షాఫ్టుల బేరింగ్ గదికి ఆయిల్ తీసుకెళ్ళే చిన్న పైపు ఒకటుంది, దాని లోపల వెడల్పు చేసిన రంధ్రం సెంటర్ తప్పి ఒక పక్క గోడ పల్చబడింది, అక్కడ ఫెటీగ్ పగులు వచ్చింది, ఆయిల్ వేడి గదిలోకి చిమ్మి అంటుకుంది, ఆ మంటకి టర్బైన్ డిస్క్ షాఫ్ట్ నుంచి ఊడి, పట్టు లేక స్పీడ్ పెరిగిపోయి, ముక్కలై రెక్కని చీల్చుకుని పోయింది. విమానంలో 469 మంది. సిబ్బంది నేర్పు వల్ల అందరూ క్షేమంగా సింగపూర్‌లో దిగారు. బేరింగ్ తప్పేమీ లేదు చూడు, దానికి ఆయిల్ పట్టే గొట్టం తప్పు. షాప్‌లో కొత్త కుర్రాళ్ళు చేరితే నేను మొదట చెప్పేది ఈ సంఘటనే, ఒక పైపు మందం ఇంత పని చేస్తుందని వాళ్ళకి మొదటి రోజే తెలియాలి.

సీలింగ్ ఫ్యాన్ దగ్గరికి వద్దాం. ఫ్యాన్‌లో సాధారణంగా వేసేది 6202 నంబర్ బేరింగ్, బోర్, అంటే షాఫ్ట్ దూరే రంధ్రం, 15 మిల్లీమీటర్లు, 350 ఆర్‌పీఎం అనుకో. బోర్‌ని ఆర్‌పీఎంతో గుణిస్తే వచ్చేదాన్ని డీఎన్ నంబర్ అంటాం, ఫ్యాన్‌కి 5,250. జెట్ ఇంజిన్‌లో 150 మిల్లీమీటర్ల బోర్ ఉన్న బేరింగ్ 14 వేల ఆర్‌పీఎం తిరిగితే 21 లక్షలు, నాలుగొందల రెట్లు. అంత స్పీడ్‌లో షాఫ్ట్ బరువు సంగతి అలా ఉంచు, గోలీ తన బరువుని తాను తట్టుకోవడమే పెద్ద పని. నువ్వే లెక్క వేసి చూడు, 20 మిల్లీమీటర్ల స్టీల్ గోలీ బరువు 33 గ్రాములు, అది సెంటర్‌కి 100 మిల్లీమీటర్ల దూరంలో నిమిషానికి 6,300 చుట్లు తిరుగుతుంటే, గోలీల వరస షాఫ్ట్ స్పీడ్‌లో సగం కంటే తక్కువే తిరుగుతుంది కాబట్టి 6,300 తీసుకున్నా, ఔటర్ రేస్‌ని 145 కిలోల బరువుతో నొక్కుతుంది. ఒక్కో గోలీ ఇద్దరు మనుషులంత బరువు! అందుకే కొత్త బేరింగ్‌లలో సిలికాన్ నైట్రైడ్ గోలీలు వస్తున్నాయి, సెరామిక్, సాంద్రత స్టీల్‌లో సగం కూడా ఉండదు, అదే గోలీ 60 కిలోలతోనే నొక్కుతుంది.

మిగతావి కూడా ఫ్యాన్ బేరింగ్‌వి కావు. స్టీల్ ఎం50 అనే రకం, 4 శాతం మాలిబ్డినం, 4 శాతం క్రోమియం, 1 శాతం వెనేడియం, వేడిలో కూడా మెత్తబడదు. దాన్ని వాక్యూమ్‌లో ఒకసారి కరిగించి, మళ్ళీ వాక్యూమ్‌లోనే ఆర్క్‌తో రెండోసారి కరిగిస్తారు, ఎందుకంటే బేరింగ్ అలసట మొదలయ్యేది పైన కాదు, ఉపరితలం కింద, స్టీల్‌లో చిక్కుకున్న కంటికి కనపడని మలినం దగ్గర. గోలీలని దూరం దూరంగా పట్టి ఉంచే కేజ్‌కి వెండి పూత వేస్తారు, ఒకవేళ కాసేపు ఆయిల్ అందకపోయినా వెండి మెత్తగా రాసుకుని ఆదుకుంటుంది. ఆయిల్‌ని పక్క నుంచి చిమ్మితే ఈ స్పీడ్‌లో గాలి సుడికి లోపలికి పోదు, అందుకని షాఫ్ట్ లోపల్నుంచి, ఇన్నర్ రేస్ కింద కోసిన కాలవల్లోంచి పంపిస్తారు, తిరిగే ఊపే దాన్ని బయటికి నెడుతుంది. ఈ పద్ధతి నాకు ఎంత చూసినా తనివి తీరదు. ఇక ఫ్యాన్ బేరింగ్ ఎందుకు పోతుందంటావా, అందులో లోపల ఉన్న ఆ కాస్త గ్రీజే జీవితకాలం, ఫిల్టర్ లేదు, చల్లబరిచే వాళ్ళు లేరు, గ్రీజు ఎండిపోతుంది, దుమ్ము చేరుతుంది, అంతే.

వైబ్రేషన్ గురించి కూడా కొంచెం చెప్పాలి. రోటర్‌ని, అంటే షాఫ్టూ దాంతో తిరిగేవన్నీ, ఎంత బ్యాలెన్స్ చేసినా ఏదో ఒక స్పీడ్‌లో ఊగుతుంది, అది క్రిటికల్ స్పీడ్, ఇంజిన్ స్టార్టయి పైకి వెళ్ళేటప్పుడు దాన్ని దాటాలి. ఆ ఊపుని మింగడానికి చాలా ఇంజిన్లలో బేరింగ్ ఔటర్ రేస్‌ని హౌసింగ్‌లో గట్టిగా బిగించరు, చుట్టూ మిల్లీమీటర్‌లో పదో వంతు సందు వదిలి దాన్నీ ఆయిల్‌తో నింపుతారు. షాఫ్ట్ ఊగితే ఆ ఆయిల్ నలిగి ఊపుని తినేస్తుంది, స్క్వీజ్ ఫిల్మ్ డ్యాంపర్ అంటాం. చూశావా, బేరింగ్ లోపల ఆయిలే, బయటా ఆయిలే. ఈ ఆలోచన కొత్తదేం కాదు, 1884లో పార్సన్స్ తన మొదటి ఆవిరి టర్బైన్‌ని 18,000 ఆర్‌పీఎం తిప్పినప్పుడే బేరింగ్ చుట్టూ చిన్నవీ పెద్దవీ రింగులు మార్చి మార్చి పేర్చి ఊపుని రాపిడితో మింగించాడు. మన దేశంలో 2016లో ఏ320 నియోలు వచ్చిన కొత్తలో పీడబ్ల్యూ1100జీ ఇంజిన్లు స్టార్ట్ కావడానికి నిమిషాలు పట్టేది గుర్తుందా, అది కూడా ఇలాంటిదే. ఇంజిన్ ఆపాక వేడి పైకి చేరి షాఫ్ట్ పై భాగం ఎక్కువ సాగి విల్లులా కొంచెం వంగుతుంది, ఆ వంపు పోయేదాకా నెమ్మదిగా తిప్పాలి, లేకపోతే బ్లేడ్ కొసలు కేసింగ్‌ని గీకుతాయి.

రామగుండం ప్రశ్నకి జవాబు, నిజమే. అక్కడి 200, 500 మెగావాట్ల టర్బైన్లలో షాఫ్ట్ మోసేది జర్నల్ బేరింగ్, మన భాషలో పెద్ద బుష్ అనుకో, లోపల తగరం ఎక్కువగా ఉండే తెల్ల లోహం పోసి ఉంటుంది, దాన్ని బ్యాబిట్ అంటారు. పదుల టన్నుల రోటర్ 3,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ తనే ఆయిల్‌ని తన కిందకి లాక్కుని దాని మీద తేలుతుంది. ఇది మొదట కనిపెట్టిన కథ నాకు చాలా ఇష్టం. 1883లో ఇంగ్లండ్‌లో బీచాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసు బేరింగ్ మీద పరీక్షలు చేస్తూ పైన ఆయిల్ పోయడానికి కన్నం పెట్టాడు, పోసిన ఆయిల్ లోపలికి పోకుండా పైకే వస్తోంది, చెక్క బిరడా కొట్టాడు, బిరడా కూడా తన్నుకుని పైకొచ్చింది. గేజి పెడితే తెలిసింది, లోపల ఆయిల్ ఒత్తిడి తనంతట తానే పుట్టి ఇరుసుని లేపుతోందని. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి లెక్క కట్టాడు, నువ్వు సిలబస్‌లో చదివే రేనాల్డ్స్ ఈక్వేషన్ అదే.

మరి విమానంలో అదే ఎందుకు పెట్టరు? తిరగనప్పుడు ఆ పొర ఉండదు కాబట్టి స్టార్ట్ చేసేముందు జాకింగ్ ఆయిల్ పంపుతో రోటర్‌ని లేపాలి, ఆపాక గంటల తరబడి బ్యారింగ్ గేర్‌తో తిప్పుతూ ఉండాలి, కరెంటు పోతే బ్యాటరీ మీద నడిచే డీసీ ఆయిల్ పంపు క్షణాల్లో అందుకోవాలి, లేకపోతే బ్యాబిట్ కరిగిపోతుంది, అది 240 డిగ్రీల దగ్గరే మెత్తబడే లోహం. గదుల కొద్దీ ట్యాంకులు, పంపులు నేల మీద ఫర్వాలేదు, రెక్క కింద వేలాడే ఇంజిన్‌కి కుదరదు. అదీ కాక గోలీల బేరింగ్ ఆయిల్ లేకుండా కొద్దిసేపైనా ఓర్చుకుంటుంది, జర్నల్ బేరింగ్ ఓర్చుకోదు. అలాగని గోలీలది గొప్ప, బుష్‌ది తక్కువ అనుకోకు, అలసట లేకుండా దశాబ్దాలు నడిచేది బుష్షే. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో తయారయ్యే పెద్ద గ్యాస్ టర్బైన్లు కూడా జర్నల్ బేరింగ్‌లవే. ఎక్కడ నడుస్తుందన్నదాన్ని బట్టి ఎంపిక.

చివరగా, పాడవుతున్నట్టు ఎలా తెలుస్తుంది అన్నావు. విమానం బేరింగ్‌కి ఇన్ని గంటలకి మార్చాలని తేదీ రాసి ఉండదు చాలావరకు, పరిస్థితి చూసి మారుస్తాం. కాక్‌పిట్‌లో వైబ్రేషన్, ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్, క్వాంటిటీ కనిపిస్తాయి, కానీ అవి మారేసరికి ఆలస్యమైనట్టే. ముందుగా చెప్పేది స్కావెంజ్ లైన్‌లో ఉండే మ్యాగ్నెటిక్ చిప్ డిటెక్టర్, చిన్న అయస్కాంతం, సంప్‌కి ఒకటి, అంటే ముక్క ఏ సంప్ నుంచి వచ్చిందో కూడా చెప్తుంది. దాన్ని తీసి తెల్ల గుడ్డ మీద పెట్టి, పట్టినదాన్ని టేపుకి అంటించి, పది రెట్ల భూతద్దంతో చూస్తాం. నల్లటి పేస్ట్‌లాంటి నూగు ఐతే మామూలు అరుగుదల. పల్చటి రేకు, ఒక పక్క అద్దంలా మెరుస్తూ ఇంకో పక్క గరుకుగా, అంచులు వంకరటింకరగా ఉంటే గుండె ఝల్లుమంటుంది, అది దొర్లే ఉపరితలం నుంచి ఊడిన పొర.

చాలా ఏళ్ళ క్రితం ఒక ఇంజిన్‌లో వెనక సంప్ డిటెక్టర్ మీద అలాంటివి మూడు దొరికాయి, పెద్దది మిల్లీమీటర్ లోపే. పైలట్లు ఏ కంప్లయింటూ రాయలేదు, వైబ్రేషన్ ఎప్పటిలాగే ఉంది, ఆయిల్ ప్రెషర్ బాగుంది. ఇంకో నాలుగు ఫ్లైట్లు చూద్దాం అన్న వాళ్ళూ ఉన్నారు. ల్యాబ్‌కి పంపితే మాలిబ్డినం 4, క్రోమియం 4, వెనేడియం 1 అని వచ్చింది, ఎం50, ఇక వాదనే లేదు, ఇంజిన్ దించేశాం. లో ప్రెషర్ టర్బైన్ మాడ్యూల్ వెనక్కి లాగాక నంబర్ 4 బయటపడింది. ఇన్నర్ రేస్ మీద దాదాపు 3 మిల్లీమీటర్ల గుంట, గోడకి సున్నం పెచ్చు ఊడినట్టు, దాని మీదుగా వెళ్ళిన ప్రతి రోలర్‌కీ సన్న గీతలు.

అసలు కారణం మైక్రోస్కోప్ కింద కనపడింది. గుంట పక్కనే, రోలర్ తాకని అంచు మీద, గోధుమ రంగులో వంపు తిరిగిన సన్న గీతలు, వరసగా, ఒకదాని పక్కన ఒకటి. వేలిముద్ర. ఎప్పుడో, ఏదో షాప్‌లో, ఎవరో గ్లవ్స్ లేకుండా ఆ రేస్‌ని పట్టుకున్నారు, చెమటలో ఉప్పు స్టీల్‌ని తినేసింది, ఆ ముద్రలో సగం రోలర్ దారిలో పడింది, అక్కడి తుప్పు గుంతల దగ్గర ఆయిల్ పొర నిలవలేదు. బేరింగ్‌ని ఉత్త చేత్తో ముట్టుకోవద్దనీ, ఆరిన బేరింగ్‌ని ఎయిర్ గన్‌తో సరదాగా తిప్పొద్దనీ, ప్యాకెట్ ఫిట్ చేసే నిమిషం దాకా విప్పొద్దనీ మాన్యువల్‌లో మామూలు అక్షరాల్లోనే రాసి ఉంటుంది. నీ ప్రాక్టికల్స్‌లో 6202 విప్పినప్పుడు ఒకసారి ఇన్నర్ రేస్ మీద ఉత్త బొటనవేలు నొక్కి, తుడవకుండా నాలుగు రోజులు కిటికీ దగ్గర వదిలేసి, అప్పుడు భూతద్దంతో చూడు.